చిన్న వెబ్ సర్వర్‌కి పార్టిషన్లు: నాలుగు చాలు, మిగతా డిస్కు ఎవరికీ ఇవ్వకు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తపేటలో మీ తాతగారు నడిపిన స్టూడియో ఫోటోలు 2,300 దాకా స్కాన్ చేశావు, అవి 60 జీబీ అయ్యాయి. వాటిని చుట్టాలూ పాత కస్టమర్లూ చూసుకునేలా వర్డ్‌ప్రెస్‌లో సైటు పెట్టి, బ్రాడీపేటలో మీ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీదే నడపాలనుకుంటున్నావు. 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్కు. ఒకచోట డిస్కుని తొమ్మిది పార్టిషన్లు, అంటే ముక్కలు, చెయ్యమన్నారు, ఇంకోచోట ఒక్కటి చాలు మిగతాదంతా చాదస్తం అన్నారు, ఏది నమ్మాలో తెలీక లైనక్స్ ఇన్‌స్టాలర్ స్క్రీన్ దగ్గరే ఆగిపోయావు. ఆగడం మంచిదైంది.

తొమ్మిదీ వద్దు, ఒకటీ వద్దు. ఎస్ఎస్‌డీ మీద ఎల్‌వీఎం (డిస్కు చోటుని తర్వాత కూడా పెంచుకునేలా పంచే లైనక్స్ పద్ధతి) పెట్టి అందులో నాలుగు వాల్యూమ్‌లు, అంటే గదులు, చెయ్యి: ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే రూట్‌కి 30 జీబీ, ప్రోగ్రామ్‌లు తమ చిట్టాలు (లాగ్‌లు) రాసుకునే /వార్/లాగ్‌కి 6, సైట్ ఉండే /ఎస్ఆర్‌వీకి 40, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కి 4. మిగిలేది ఇంచుమించు 140 జీబీ. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా అలాగే వదిలెయ్. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఈ చివరిదే, కానీ జనం చెయ్యనిది కూడా ఇదే, డిస్కు ఖాళీగా కనిపిస్తే ఏదో వృథా పోతున్నట్టు అనిపించి మొత్తం పంచేస్తారు. (ఫోల్డర్ల పేర్లు, కమాండ్లు తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడు. -ఎల్, +ఎల్1 అన్నచోట పెద్ద ఎల్, మిగతావన్నీ చిన్న అక్షరాలు.)

అసలు గోడలు ఎందుకు కట్టాలో నాకు జరిగింది చెబితే తొందరగా అర్థమవుతుంది.

2016లో విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే ఒక చిన్న సర్వర్ నడిపేవాణ్ణి. 40 జీబీ డిస్కు, మొత్తం ఒకే పార్టిషన్, ఉమ్మడి కాపురం. తెలిసిన ట్యూషన్ వాళ్ళ కోసం నోటీసు బోర్డు పేజీ ఒకటి నేనే పీహెచ్‌పీలో (వెబ్ పేజీలు రాసే భాష, వర్డ్‌ప్రెస్ కూడా అందులోనే ఉంది) రాశాను, ఒక టెక్స్ట్ ఫైల్ తెరిచి, ఫైల్ అయిపోయేదాకా ఒక్కో లైనూ చదివి చూపించడమే దాని పని. ఒకరోజు ఆ టెక్స్ట్ ఫైల్ పేరు మారింది. ఫైల్ తెరుచుకోలేదు, తెరుచుకుందో లేదో నా కోడ్ చూడలేదు, తెరుచుకోని ఫైల్‌కి చివర అంటూ ఉండదు కాబట్టి లూప్ ఆగలేదు. తిరిగిన ప్రతిసారీ ఎర్రర్ లాగ్‌లో రెండు వార్నింగులు. ఎవరైనా ఆ పేజీ తెరిస్తే చాలు, పీహెచ్‌పీ టైమ్ లిమిట్ 30 సెకన్లు పూర్తయ్యేదాకా లాగ్‌లోకి వరదే. రాత్రంతా సెర్చ్ బాట్లు వచ్చి ఆ పేజీని తడుతూనే ఉన్నాయి.

పొద్దున్నే ఫోన్ వచ్చింది, సైట్‌లో ఎవరికీ లాగిన్ అవ్వట్లేదని. టెర్మినల్ తెరిచి లాగిన్ అయ్యాను, ఫోల్డర్ పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తి కాలేదు, దాని బదులు టెంపరరీ ఫైల్ చెయ్యలేకపోతున్నాను, డివైస్‌లో చోటు లేదు అని ఎర్రర్. ట్యాబ్ నొక్కడానికి కూడా డిస్కులో చోటు కావాలని నాకు ఆరోజే తెలిసింది. డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ -హెచ్ కొడితే 100 శాతం. డేటాబేస్‌లో కొత్త వరుస రాయబోతే టేబుల్ నిండిపోయింది అంటోంది, అది నిండలేదు, కింద డిస్కు నిండింది. ఎర్రర్ లాగ్ ఒక్కటే 27 జీబీ.

కంగారులో ఆ లాగ్ ఫైల్‌ని ఆర్ఎం (చెరిపే కమాండ్) కొట్టి తీసేశాను. మళ్ళీ డీఎఫ్ చూస్తే అదే 100 శాతం. ఇక్కడే నాకు చెమటలు పట్టాయి. ఫైల్ కనిపించడం లేదు, చోటు మాత్రం తిరిగి రాలేదు. లైనక్స్‌లో ఫైల్‌ని ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని ఉంటే, నువ్వు చెరిపేసినా పేరు మాత్రమే పోతుంది, అది పట్టు వదిలేదాకా లోపలి బ్లాకులు పోవు. పేజీలు పంపే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ అపాచీ దాన్ని పట్టుకునే ఉంది. అపాచీని రీస్టార్ట్ చేశాకే 27 జీబీ వెనక్కి వచ్చింది. అలాంటప్పుడు ఫైల్‌ని చెరపకూడదు, ట్రంకేట్ -ఎస్ 0 కొట్టి సున్నాకి కుదించాలి. చెరిపేసినా ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారో చూడాలంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1. ఈ రెండూ ఒక కాగితం మీద రాసి ఆ మెషీన్‌కి అతికించి పెట్టుకో, టెన్షన్‌లో గుర్తుకు రావు.

అదే లాగ్‌కి విడిగా 6 జీబీ గది ఇచ్చి ఉంటే ఏం జరిగేది? ఆ 6 జీబీ నిండేది. అపాచీ అయినా, అలాంటిదే ఇంకోటి ఎన్జినెక్స్ అయినా లాగ్ రాయలేకపోతే ఆ లైను వదిలేసి పేజీ ఇచ్చే పని ఇస్తూనే ఉంటాయి. డేటాబేస్‌కి ఏమీ తెలిసేది కాదు, పిల్లల లాగిన్లు ఆగేవి కావు, నేను సాయంత్రం తీరిగ్గా చూసుకునేవాణ్ణి. పార్టిషన్ అంటే నాకు ఇంతే. అదుపు తప్పి పెరిగేదాన్ని, పోతే తిరిగి రానిదాన్ని ఒకే గదిలో పెట్టకూడదు.

నీ మెషీన్‌లో ఏది ఏదో చూద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్ పోతే అరగంటలో మళ్ళీ వేస్తావు. లాగ్‌లు పోతే బాధ లేదు, కానీ ఎంత పెరుగుతాయో చెప్పలేం. సైట్ ఫైళ్ళు, అప్‌లోడ్ చేసిన ఫోటోలు, డేటాబేస్, ఇవి పోతే నీ శ్రమ పోతుంది. తాతగారి ఒరిజినల్ స్కాన్లు పోతే, ప్రింట్లు ఇప్పటికే పసుపెక్కి అంచులు పెళుసుబారి ఉంటాయి కాబట్టి, మళ్ళీ అంత బాగా స్కాన్ రాకపోవచ్చు. అందుకే నాలుగింటికీ నాలుగు తావులు, చివరిదానికి ఆ హార్డ్ డిస్కు.

ఇప్పుడు ఎల్‌వీఎం ఎందుకన్నానో. మామూలు పార్టిషన్ అంటే పొలంలో హద్దురాయి పాతినట్టే. పక్కన ఖాళీ ఉంటే సరే, లేకపోతే రాయి జరపాలంటే పక్కవాడి పంట తీయాలి. రూట్ వెనకాలే హోమ్, హోమ్ వెనకాలే ఇంకోటి వరసగా పాతేశాక రెండేళ్ళకి రూట్ చాలట్లేదంటే ఒక ఆదివారం పూర్తిగా పోతుంది, మధ్యలో కరెంటు పోతే డేటా కూడా పోవచ్చు. ఎల్‌వీఎంలో డిస్కు మొత్తాన్నీ ఒక రాశిగా పోసుకుని, అడిగినవాళ్ళకి అడిగినప్పుడు కొలిచి పోస్తావు. దానికి పేర్లు మూడే: డిస్కు మీద వేసేది ఫిజికల్ వాల్యూమ్, రాశి వాల్యూమ్ గ్రూప్, కొలిచి ఇచ్చేది లాజికల్ వాల్యూమ్. రేపు ఫోటోల వాల్యూమ్ నిండబోతోంది అనుకో, ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +10జీ అని కొట్టి వాల్యూమ్ పేరు ఇస్తే చాలు, సైటు నడుస్తుండగానే కొద్ది సెకన్లలో 10 జీబీ కలుస్తుంది. ఆ -ఆర్ మర్చిపోకు, అది లేకపోతే వాల్యూమ్ పెరుగుతుంది గానీ లోపలి ఫైల్‌సిస్టమ్ (ఫైళ్ళని అమర్చి పెట్టే ఏర్పాటు) పెరగదు, డీఎఫ్‌లో పాత సైజే కనిపించి బుర్ర వేడెక్కుతుంది.

పెంచడం ఎంత తేలికో తగ్గించడం అంత కష్టం. లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4ని తగ్గించాలంటే అన్‌మౌంట్ చెయ్యాల్సిందే, అంటే వాడకం ఆపి విడదీయాలి, రూట్ అయితే వేరే పెన్‌డ్రైవ్ మీద బూట్ అవ్వాలి. ఇంకో ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ అయితే తగ్గించడం కుదరదనే అనుకో. అందుకని నీలాంటి మెషీన్‌కి అన్ని వాల్యూమ్‌లకీ ఈఎక్స్‌టీ4 చాలు, చిన్నగా మొదలుపెట్టు, చాలనప్పుడు పెంచు. సైజు తప్పుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ముందే లెక్క కరెక్టుగా కట్టాలి అనే టెన్షనే కదా నిన్ను ఆపింది, ఖాళీ ఉంచుకున్నవాడికి ఆ లెక్క తప్పినా నష్టం లేదు.

ఖాళీకి ఇంకో ఉపయోగం ఉంది, దీని గురించి చాలామంది చెప్పరు. పెద్ద అప్‌గ్రేడ్ చేసేముందు రూట్‌కి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు ఒక గుర్తు, తీసుకోవచ్చు: ఎల్‌వీక్రియేట్ -ఎస్ -ఎల్ 10జీ, -ఎన్ పెట్టి ఒక పేరు, రూట్ వాల్యూమ్ పేరు. అప్‌గ్రేడ్ బెడిసికొడితే ఎల్‌వీకన్వర్ట్ --మెర్జ్ అని ఆ స్నాప్‌షాట్ పేరు కొట్టి రీబూట్ చేస్తే పాత స్థితికి వచ్చేస్తావు. ఈ స్నాప్‌షాట్‌కి చోటు ఆ ఖాళీలోంచే రావాలి, మొత్తం పంచేసినవాడికి ఈ సౌకర్యం లేదు. ఒక జాగ్రత్త ఉంది. మెషీన్ లేచేటప్పుడు వాడే /బూట్ ఎల్‌వీఎం బయట ఉంటుంది కాబట్టి కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఫైళ్ళు స్నాప్‌షాట్‌లోకి రావు, అందుకని పాత కెర్నెల్‌ని వెంటనే తీసేయకుండా కొన్నాళ్ళు ఉంచు. పని అయిపోయిన స్నాప్‌షాట్‌ని మాత్రం తీసెయ్యి, అది ఉన్నంతకాలం డిస్కు రాతలు నెమ్మదిస్తాయి, దానికిచ్చిన 10 జీబీ నిండితే అదీ పనికిరాకుండా పోతుంది.

ఇన్‌స్టాలర్ దగ్గర జరిగే తికమక ఒకటి ముందే చెబుతా. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో ఎల్‌వీఎం టిక్ పెట్టి ఎంటర్ కొట్టుకుంటూ పోతే, 200 జీబీ దాటిన డిస్కులో రూట్‌కి 100 జీబీ మాత్రమే ఇచ్చి మిగతాది ఖాళీగా వదులుతుంది. నీది 240 కాబట్టి నీకూ అదే వస్తుంది. డీఎఫ్‌లో 98 జీబీ చూసి డిస్కు సగం పాడైందేమో అని కంగారుపడేవాళ్ళు బోలెడుమంది. పాడవలేదు, అది వాల్యూమ్ గ్రూప్‌లో భద్రంగా ఉంది. నువ్వు మాత్రం ఆ రెడీమేడ్ లేఅవుట్ తీసుకోకుండా కస్టమ్ లేఅవుట్‌లోకి వెళ్ళి నేను చెప్పిన నాలుగూ చేత్తో చెయ్యి. పార్టిషన్ టేబుల్ (డిస్కులో ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక) జీపీటీ రకం పెట్టు. పాత రకం ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే, 2 టీబీ దాటితే అది చూడలేదు, ఈరోజు కొత్తగా పెట్టేదానికి అది ఎంచుకోవడానికి కారణమే లేదు. మెషీన్ బూట్ అవ్వడానికి కావాల్సిన ఈఎఫ్ఐకి 1 జీబీ, /బూట్‌కి 2 జీబీ, ఇవి రెండూ ఇన్‌స్టాలర్ అడిగినట్టు ఇచ్చెయ్. మిగతా అంతా ఒకే పెద్ద పార్టిషన్, అదే ఎల్‌వీఎం.

ఇంక ఒక్కోదాని సైజు. రూట్ 30 అన్నాను. సర్వర్ సాఫ్ట్‌వేర్ మొత్తం కలిపినా పది దాటదు, కానీ డేటాబేస్ కూడా ఇందులోనే /వార్/లిబ్ కింద ఉంటుంది, అందుకే కాస్త వదులుగా. డేటాబేస్‌ని విడగొట్టమనే సలహా నీకు ఎదురై ఉంటుంది, పెద్ద సైట్లకి అది సరైనదే. నీ సైట్‌లో ఫోటోల వివరాలూ నాలుగు పేజీలూ కామెంట్లూ కలిపి కొన్ని పదుల ఎంబీ దాటదు, దానికి ప్రత్యేకంగా గది కట్టడం అనవసరం. కాకపోతే ఒకటి చూసుకో: నువ్వు పెట్టే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8 అయితే అందులో బైనరీ లాగ్ (ప్రతి మార్పునీ రాసుకునే చిట్టా) ముందే ఆన్ అయి ఉంటుంది, 30 రోజులవి దాచుకుంటుంది. ఒక్క సర్వరే ఉన్న నీకు అంత అక్కర్లేదు, బిన్‌లాగ్ ఎక్స్‌పైర్ సెకన్లని 2592000 నుంచి 259200కి మార్చు, మూడు రోజులు చాలు. దాని బదులు మరియాడీబీ పెడితే బైనరీ లాగ్ ముందే ఆఫ్‌లో ఉంటుంది, ఈ పని లేదు.

/వార్/లాగ్ 6 జీబీ ఎలా వచ్చిందంటే, సైట్‌కి వచ్చిన ప్రతి రిక్వెస్టునీ రాసే యాక్సెస్ లాగ్‌లో ఒక లైను సుమారు 200 బైట్లు అనుకో. సెకనుకి పది రిక్వెస్టులు రోజంతా వచ్చినా రోజుకి 170 ఎంబీ చిల్లర. డెబియన్, ఉబుంటుల్లో ఎన్జినెక్స్ లాగ్‌లు రోజూ మారుతూ 14 ఉంటాయి, పాతవి కంప్రెస్ అవుతాయి, కాబట్టి మామూలు రోజుల్లో ఒక జీబీ కూడా నిండదు. మిగతాది పిచ్చి రోజుల కోసం. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది: సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లని లేపి నడిపేది) రాసే జర్నల్ అనే లాగ్ తానున్న ఫైల్‌సిస్టమ్‌లో 10 శాతం దాకా, గరిష్ఠంగా 4 జీబీ దాకా వాడుకుంటుంది, లాగ్‌కి 6 జీబీ వాల్యూమ్ ఇస్తే అది దానంతటదే 600 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఒక్కటి మాత్రం ఈ గోడకి అవతల ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో తప్పులు వెతకడానికి డీబగ్ లాగ్ ఆన్ చేస్తే ఆ ఫైల్ /వార్/లాగ్‌లోకి రాదు, సైట్ ఫోల్డర్‌లోనే కంటెంట్ కింద పెరుగుతుంది, దాన్ని ఎవరూ రొటేట్ చెయ్యరు, అంటే పాతది మూసి కొత్తది మొదలుపెట్టరు. పని చూసుకుని ఆఫ్ చెయ్యడం అలవాటు చేసుకో.

/ఎస్ఆర్‌వీ 40 జీబీ, సైట్ ఇందులో ఉండాలి. గైడులన్నీ /వార్ కింద పెట్టమంటాయి, అది మానెయ్. ఎన్జినెక్స్ సెట్టింగ్‌లో ఒక్క లైను మార్చితే సైట్ /ఎస్ఆర్‌వీ నుంచి నడుస్తుంది, అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ని పూర్తిగా చెరిపి మళ్ళీ వేసినా ఈ వాల్యూమ్‌ని ఫార్మాట్ చెయ్యకుండా తగిలించుకుంటే సరిపోతుంది. డేటాబేస్ రూట్‌లో ఉంది కదా, అది పోతుంది కదా అంటావు. రోజూ రాత్రి రెండు గంటలకి డేటాబేస్ డంప్ (మొత్తం ఒక ఫైల్‌లోకి కాపీ) తీసి /ఎస్ఆర్‌వీలో ఒక ఫోల్డర్‌లో పెట్టేలా క్రాన్ (చెప్పిన టైమ్‌కి పని చేసేది) పెట్టు, ఏడు రోజులవి ఉంచు. ఫోటోల లెక్క చూస్తే, నాలుగు బై ఆరు ప్రింట్‌ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే ఒక్కో టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫోటో ఫైల్) 26 ఎంబీ, 2,300కి 60 జీబీ, నీ లెక్క సరిగ్గా ఉంది. కానీ ఆ టిఫ్‌లు సైట్‌లోకి వెళ్ళక్కర్లేదు. 2,000 పిక్సెళ్ళ వెడల్పు జేపెగ్‌లు చేసి ఎక్కించు. వర్డ్‌ప్రెస్ ఒక్కో ఫోటోకీ రకరకాల సైజుల్లో అయిదారు కాపీలు తనే చేసుకుంటుంది, అన్నీ కలిపి ఫోటోకి 3 ఎంబీ వేసుకున్నా మొత్తం 7 జీబీ లోపే. 40 అన్నది వచ్చే అయిదేళ్ళ కోసం.

స్వాప్ 4 జీబీ, దీని మీద ఎక్కువ ఆలోచించకు. ర్యామ్‌కి రెట్టింపు అనేది ర్యామ్ ఎంబీల్లో ఉన్న రోజుల మాట. అసలు లేకుండా మాత్రం వద్దు, ర్యామ్ నిండినప్పుడు కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపుతుంది, అప్పుడు అన్నిటికంటే ఎక్కువ ర్యామ్ తినేది డేటాబేసే కాబట్టి దాని మీదే పడుతుంది. /హోమ్ విడిగా వద్దు, నువ్వొక్కడివే యూజర్‌వి.

డిస్కులో చోటు ఉండి కూడా చోటు లేదు అనే ఎర్రర్ రావచ్చు, ఇది తెలీకపోతే రెండు రోజులు వెతుకుతావు. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే ఎన్ని ఫైళ్ళు పట్టాలో తేల్చేసుకుంటుంది, ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున. ఐనోడ్ అంటే ఒక ఫైల్ వివరాలు రాసుకునే స్లాట్, ఫైల్‌కి ఒకటి కావాలి. 10 జీబీ అంటే 6,55,360 ఐనోడ్‌లు, అంతే, తర్వాత పెంచాలంటే వాల్యూమ్‌నే పెంచాలి. మా ఫ్రెండ్ సర్వర్‌లో రూట్ సరిగ్గా 10 జీబీ, పేజీలు తొందరగా చూపడానికి కాపీలు దాచే క్యాష్ ప్లగిన్ ఒకటి ప్రతి అడ్రస్‌కీ ఒక బుల్లి ఫైల్ చేసుకుంటూ పోయింది, బాట్లు అడ్రస్ చివర ప్రశ్నార్థకం పెట్టి తోచిన అక్షరాలన్నీ తగిలిస్తుంటే ప్రతిదానికీ కొత్త ఫైల్. డీఎఫ్ -హెచ్‌లో సగం ఖాళీ, ఐనోడ్‌లు చూపే డీఎఫ్ -ఐలో 100 శాతం. అందుకని రెండూ చూడటం అలవాటు చేసుకో. నీ 40 జీబీకి 26 లక్షల ఐనోడ్‌లు వస్తాయి, ఫోటోలకి ఢోకా లేదు, క్యాష్ ప్లగిన్ మీద మాత్రం కన్నేసి ఉంచు.

ఈఎక్స్‌టీ4లోనే ఇంకోటి, 5 శాతం చోటుని రూట్ యూజర్ (అన్ని అధికారాలున్న అడ్మిన్, రూట్ వాల్యూమ్ వేరు) కోసం పక్కన పెడుతుంది. నేను చెప్పిన ఆ పొద్దున మామూలు యూజర్‌గా ట్యాబ్ కూడా పనిచెయ్యనిచోట సుడో కొట్టి రూట్‌గా మారాక అన్నీ పనిచేశాయి, ఆ 5 శాతం వల్లే. కాబట్టి రూట్ వాల్యూమ్‌కి దాన్ని ముట్టుకోకు. హార్డ్ డిస్కుకి మాత్రం దండగ, 1 టీబీలో 46 జీబీ దాకా అలా పక్కన ఉండిపోతుంది, అక్కడ ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 0 కొట్టెయ్.

ఆ హార్డ్ డిస్కు గురించి గట్టిగా చెబుతున్నా, దాన్ని ఎస్ఎస్‌డీ ఉన్న వాల్యూమ్ గ్రూప్‌లో కలపకు. కలిపితే 1,240 జీబీ ఒకే రాశిగా కనిపించి ముచ్చటేస్తుంది, రేపు రెండిట్లో ఏ ఒక్కటి పోయినా రెండింటి మీదా పరుచుకున్న వాల్యూమ్ మొత్తం పోతుంది. హార్డ్ డిస్కుని విడిగా, ఒకే పార్టిషన్‌గా ఉంచి, ఒరిజినల్ టిఫ్‌లూ, రోజూ తీసే డంప్‌ల కాపీలూ దానిలో పెట్టు. పాత డిస్కు అన్నావు కాబట్టి ముందు డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో చూడు, రీలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి), పెండింగ్ సెక్టార్లు (పాడయ్యాయేమో అని అనుమానం ఉన్నవి) రెండూ సున్నా ఉండాలి. పెండింగ్‌లో ఒక్కటి కనిపించినా తాతగారి ఫోటోలు దాని మీద పెట్టకు.

ఆ హార్డ్ డిస్కుని ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైల్) రాసేటప్పుడు ఎస్‌డీబీ లాంటి పేరు కాకుండా యూయూఐడీ (మారని గుర్తింపు నంబరు) రాయి, పేర్లు బూట్‌కీ బూట్‌కీ తారుమారు అవుతాయి. ఆప్షన్లలో నోఫెయిల్ అనే మాట తప్పకుండా ఉండాలి. ఒక సంక్రాంతికి మేం తెనాలిలో ఉన్నాం, ఇక్కడ ఇంట్లో కరెంటు పోయి వచ్చింది, సర్వర్ మాత్రం తిరిగి రాలేదు. పండగపూట బండి వేసుకుని విజయవాడ వచ్చి మానిటర్ తగిలించి చూస్తే ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుని ఉంది. ఊరెళ్ళేముందు బ్యాకప్ డిస్కుని నేనే పీకి బీరువాలో పెట్టాను, ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైను అలాగే ఉంది. సిస్టమ్‌డీ 90 సెకన్లు ఆ డిస్కు కోసం చూసి, రాలేదని బూట్ ఆపేసింది. నోఫెయిల్ ఉంటే అది లేకుండానే పైకి లేచేది. లైను మార్చిన ప్రతిసారీ రీబూట్‌కి ముందు మౌంట్ -ఎ (అందులో ఉన్నవన్నీ తగిలించే కమాండ్) కొట్టి చూడు, తప్పుంటే అక్కడే బయటపడుతుంది.

కరెంటు ప్రస్తావన వచ్చింది కాబట్టి, గుంటూరు ఎండల్లో మే నెల ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఈఎక్స్‌టీ4కి ఉన్న జర్నల్ (చెయ్యబోయే మార్పుని ముందే రాసుకునే పుస్తకం, పైన చెప్పిన లాగ్ కాదు) వల్ల హఠాత్తుగా పవర్ పోయినా ఫైల్‌సిస్టమ్ నిర్మాణం దెబ్బతినదు, కానీ మెమరీలో ఉండి డిస్కు మీదకి ఇంకా రాని చివరి కొన్ని సెకన్ల డేటా పోతుంది. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టు, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సరే, కొన్ని ఇన్వర్టర్లు మారే క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది.

పార్టిషన్లు ఎంత బాగా వేసినా అవి బ్యాకప్ కావు, ఇది నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మాకు తెలిసిన ఒకాయన ఇంట్లో కింది గదిలో కంప్యూటరూ, దాని పక్కనే అదే బల్ల మీద బ్యాకప్ డిస్కూ ఉన్నాయి. రెండూ నీళ్ళలో ఉండిపోయాయి. ఇల్లు తేరుకున్నాక ఆ డిస్కుని గుడ్డలో చుట్టి నా దగ్గరికి తెచ్చారు, కనెక్టర్ సందుల్లో బురద ఎండి ఉంది. అందులో ఆయన కూతురి చిన్నప్పటి ఫోటోలున్నాయి, నేను ఏమీ చెయ్యలేకపోయాను. అందుకని ఆ 60 జీబీ ఇంకో పోర్టబుల్ డిస్కులో కాపీ చేసి మీ చుట్టాల్లో వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ ఇంట్లో పెట్టు, పండక్కి వెళ్ళినప్పుడల్లా కొత్తవి ఎక్కించి రా. ఒరిజినల్ స్కాన్లు రోజూ మారేవి కావు కదా, ఏడాదికి రెండుసార్లు చాలు.

ఎఫ్‌స్టాబ్‌లో పెట్టే నోఎగ్జెక్ (అక్కడి ప్రోగ్రామ్‌లు నేరుగా నడవకుండా), నోడెవ్ (డివైస్ ఫైళ్ళు పనిచెయ్యకుండా), నోస్యూయిడ్ (ప్రోగ్రామ్ వేరే యూజర్ అధికారం తీసుకోకుండా) ఆప్షన్ల గురించి కూడా అడిగావు. లాగ్ వాల్యూమ్‌కీ బ్యాకప్ డిస్కుకీ మూడూ పెట్టు. /ఎస్ఆర్‌వీకి కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే పీహెచ్‌పీ ఫైళ్ళని నోఎగ్జెక్ ఆపదు, వాటిని చదివి నడిపేది పీహెచ్‌పీ ప్రోగ్రామ్ కాబట్టి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఎన్జినెక్స్‌లోనే ఆపాలి.

ఇన్‌స్టాల్ పూర్తయ్యాక ఫోటోలు ఎక్కించకముందే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కులు, వాటి ముక్కలు చూపేది), డీఎఫ్ -హెచ్, డీఎఫ్ -ఐ, వీజీఎస్ (వాల్యూమ్ గ్రూప్ చూపేది) నాలుగూ కొట్టి వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టు, నేను చూస్తా. వీజీఎస్‌లో వీఫ్రీ అనే కాలమ్ కింద 140 అటూఇటూగా కనిపించాలి. సున్నా కనిపిస్తే ఎక్కడో మొత్తం పంచేశావన్నమాట, సిస్టమ్ ఇంకా ఖాళీగానే ఉంటుంది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి వేసెయ్, ఆ రోజు పట్టేది అరగంటే.